మండెలో చెయ్యి పెట్టిన రోజు

తొమ్మిదో తరగతిలో మా బ్యాచ్ చేసిన సగం ఆకు ప్రయోగం తప్పింది. మన పాఠశాల ఆవరణలో కుండీలో పెరిగిన మందార మొక్క ఆకును చీల్చిన బిరడా మధ్య ఇరికించి, సగం సీసా లోపల, సగం బయట ఉండేలా అమర్చి, సీసాలో పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం పోసి, ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచాము. ఆ ద్రావణం సీసాలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను పీల్చుకుంటుంది కనుక లోపలి సగంలో పిండిపదార్థం తయారు కాకూడదు. తరువాత ఆకును నీళ్ళలో మరిగించి, స్పిరిట్ ఉన్న పరీక్షనాళికలో వేసి, ఆ నాళికను వేడినీళ్ళ బీకరులో నిలబెట్టాము. కాసేపటికి స్పిరిట్ పచ్చబడింది, ఆకు వెలవెలబోయి అప్పడంలా పెళుసెక్కింది. దాన్ని గోరువెచ్చని నీళ్ళలో ముంచి మెత్తబరచి, పింగాణీ పళ్ళెంలో పరచి అయోడిన్ చుక్కలు వేశాము. బయటి సగం, పిండిపదార్థం ఉందనడానికి గుర్తుగా, నీలినలుపుగా మారింది. చూస్తూ ఉండగానే లోపలి సగం కూడా అలాగే మారింది.

పుస్తకంలో ఉన్నది అబద్ధమేమోనని నేను అడిగినప్పుడు జీవశాస్త్రం మాస్టారు కోప్పడలేదు. "ఆకు అబద్ధం చెప్పదురా, నిన్నటి వంట ఇంకా గిన్నెలోనే ఉంది" అన్నారు. ప్రయోగానికి ముందు మొక్కను రెండు రోజులు చీకటి గదిలో ఉంచాలన్న వాక్యాన్ని మేము చదివి కూడా పట్టించుకోలేదు. చీకటిలో ఉన్నప్పుడు ఆకు అంతకుముందు దాచుకున్న పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి, కొంత తానే వాడుకొని, మిగిలినదాన్ని ఇతర భాగాలకు పంపిస్తుంది. ఆ పని పూర్తయి ఆకు ఖాళీ అయిన తరువాతనే కొత్తగా తయారైనదేదో మనం చూడగలుగుతాము. రెండు రోజుల చీకటి తరువాత మళ్ళీ చేసినప్పుడు లోపలి సగం అయోడిన్ గోధుమరంగులోనే మిగిలింది. అయితే నా మనసులో నిలిచిపోయింది ఆ ఫలితం కన్నా మాస్టారు వేసిన మరో ప్రశ్న: చీకట్లో ఆ పిండి ఎందుకు ఖర్చయింది?

అంతవరకూ మాలో చాలామంది, మొక్కలు పగలు ఒక రకంగానూ రాత్రి ఇంకో రకంగానూ గాలి పీలుస్తాయని అనుకునేవాళ్ళం. రాత్రిపూట చింతచెట్టు కింద పడుకోకూడదని పెద్దలు చెప్పే మాటకు అదే కారణమనుకునేవాళ్ళం. మొక్క పగలూ రాత్రీ కూడా మనలాగే శ్వాసిస్తుందనీ, చీకట్లో పిండి ఖర్చయింది ఆ శ్వాసకేననీ, పగటివేళ ఆకులో కిరణజన్య సంయోగక్రియ అంతకంటే ఎంతో వేగంగా సాగడం వల్ల శ్వాసక్రియలో వెలువడిన కార్బన్ డై ఆక్సైడ్ అక్కడికక్కడే వినియోగమైపోయి మనకు ఆక్సిజన్ విడుదల మాత్రమే కనబడుతుందనీ మాస్టారు వివరించారు. ఆరుబయట గాలి కదులుతూ ఉంటుంది కనుక రాత్రి చెట్టు విడిచే వాయువు మనిషికి హాని చేసేంతగా పోగుపడదని కూడా చెప్పారు. పచ్చని భాగాలు ఎండలో ఉన్నప్పుడే గాలిని బాగుచేస్తాయని 1779లోనే డచ్ వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌస్ ప్రయోగాలతో చూపించాడు. రెండు శతాబ్దాల తరువాత కూడా మా తరగతి గదిలో ఆ సంగతి కొత్తగానే వినిపించింది.

శ్వాసక్రియలో శక్తి విడుదలవుతుందని చెప్పిన రోజున మాస్టారు నన్ను నిలబెట్టి, మా ఇంట్లో నారుమడికి విత్తనాలు ఎలా సిద్ధం చేస్తారో చెప్పమన్నారు. గోదావరి డెల్టాలో పుట్టినవాడికి అది చెప్పడం కష్టమేమీ కాదు. మా నాన్నగారు వడ్లను ఒక రోజు నానబెట్టి, నీళ్ళు ఓడ్చి, గోనెసంచుల్లో పోసి, వరిగడ్డి కప్పి, బరువు పెట్టి మండె కట్టేవారు. "ఆ మండెలో ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూశావా?" అని మాస్టారు అడిగారు. మరునాడు తెల్లవారుజామున నేను గడ్డి తొలగించి, సంచి మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి దూర్చాను. బయట వాన వెలిసిన చలి, లోపల జ్వరమొచ్చిన ఒంటిలాంటి వేడి. పిడికిలి నిండా తీస్తే ప్రతి గింజకూ తెల్లని ముక్కు పొడుచుకొచ్చి ఉంది. అడుగున బాగా అదుముకుపోయిన గింజల నుంచి మాత్రం కల్లు పులిసినట్టు వాసన వచ్చింది.

ఆ ఒక్క సంచిలో మా పాఠమంతా ఉంది. ఎండకాసిన రోజుల్లో వరి ఆకు గాలి నుంచీ నీటి నుంచీ తయారుచేసిన చక్కెరే గింజలో పిండిగా నిలవ ఉంది. తడి తగలగానే గింజ దాన్ని మళ్ళీ గ్లూకోజ్‌గా విడగొట్టి, కణద్రవ్యంలో పైరూవిక్ ఆమ్లంగా మార్చి, ఆక్సిజన్ సాయంతో, కణానికి శక్తినిచ్చే భాగమైన మైటోకాండ్రియాలో పూర్తిగా ఆక్సీకరిస్తుంది. గాలి అందని అడుగు గింజలు ఆ దారిలో వెళ్ళలేక పైరూవిక్ ఆమ్లాన్ని ఆల్కహాలుగా మారుస్తాయి. అందుకే ఆ వాసన. గాలి అందితే ఒక గ్లూకోజ్ అణువు నుంచి కణం శక్తిని పట్టుకొని వాడుకునే ఏటీపీ అణువులు దాదాపు ముప్పై వస్తాయి, అందకపోతే రెండే. పాఠ్యపుస్తకాల లెక్క ప్రకారం గ్లూకోజ్‌లోని శక్తిలో సగానికి మించిన భాగం ఏటీపీలోకి చేరకుండా వేడిగా బయటపడుతుంది. నా చేతికి తగిలిన వెచ్చదనం అదే.

ఏటీపీ అన్న మాట పలికినప్పుడల్లా మాస్టారి గొంతులో ఒక గర్వం వినిపించేది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కెతో కలిసి, భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలత చేతిలో ఉండడం వల్లనే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, ఆ తరువాత 1929లో ఏటీపీనీ వారు గుర్తించగలిగారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పిన మనిషి సుబ్బారావుగారు అని మాస్టారు చెప్పినప్పుడు వెనక బెంచీల వాళ్ళు కూడా తలెత్తి విన్నారు. నాకు మాత్రం భాస్వరం అన్న మాట దగ్గర ఆలోచన ఆగింది. మా నాన్నగారు దమ్ములో చల్లే ఎరువులోని భాస్వరమే ఏటీపీలో మూడు ఫాస్ఫేట్లుగా ఉంటుందనీ, ఆకు కణాల్లోని పచ్చని హరితరేణువు వెలుతురులో చక్కెర కట్టడానికీ మైటోకాండ్రియా చక్కెరను విప్పినప్పుడు శక్తిని పట్టుకోవడానికీ వాడేది ఆ ఒక్క అణువునేననీ తెలిసిన తరువాత, పొలమూ పాఠమూ నాకు వేరుగా అనిపించలేదు.

ఇప్పుడు నా జీవనం విత్తనాల నిలువ మీదనే. వరి విత్తనం బస్తాకెక్కే ముందు తేమ 13 శాతం మించకూడదన్న నియమం ఎందుకని కొత్తగా పనిలో చేరిన కుర్రవాళ్ళు అడిగితే, గింజ బతికే ఉందనీ, తేమ ఎక్కువైతే శ్వాస పెరిగి దాచుకున్న పిండి కరిగిపోతుందనీ, ఆ వేడికి బూజూ పురుగూ తోడై చివరికి మొలక చచ్చిపోతుందనీ చెబుతాను. చెప్పి ఊరుకోను, తడిసిన బస్తా ఉంటే చెయ్యి పెట్టించి చూపిస్తాను.

మన పాఠశాల ప్రయోగశాలకు ఈ సంచిక ద్వారా ఒక చిన్న ప్రతిపాదన చేస్తున్నాను. మొలకెత్తే వడ్లు ఒకదానిలో, ఉడికించి చల్లార్చిన వడ్లు ఇంకొకదానిలో పోసి ఉష్ణోగ్రతలు పోల్చడానికి రెండు థర్మాస్ ఫ్లాస్కులు, రెండు థర్మామీటర్లు చాలు. ఉడికించిన వడ్లు కుళ్ళి వేడెక్కకుండా రెండింటినీ ముందుగా, సూక్ష్మజీవులను చంపే ఫార్మలిన్ కలిపిన నీటితో కడగాలి. ఆ పని ఉపాధ్యాయుల చేతుల మీదుగానే జరగాలి. ఫ్లాస్కులు, థర్మామీటర్లు నేను పంపిస్తాను. వడ్లు మాత్రం పిల్లలు తమ ఇళ్ళ నుంచి తెచ్చుకుంటే బాగుంటుంది. తొలకరి వేళకు మన ఊళ్ళో ఏదో ఒక ఇంట మండె కట్టే ఉంటారు.