చిన్నాన్న ఫోన్లోకి ఎక్కని చెక్కభజన

మా చిన్నాన్నకు పాటలంటే రెండే రకాలు. ఆకాశవాణి కడప కేంద్రం వేసేవి ఒకటి, తన చెక్కభజన జట్టు పాడినవి ఇంకొకటి. శ్రీరామనవమికి ఊర్లో ఆడినప్పుడు టేప్‌రికార్డర్లో పట్టిన పాత క్యాసెట్లు ఇంట్లో ఉంటే, వాటిని ఎంపీ3లుగా మార్చి ఆయన పాత ఫోన్ చిప్పులోకి (మెమరీ కార్డులోకి) ఎక్కించి ఇచ్చాను. గజ్జెల చప్పుడు, చెక్కల మోత, మధ్యలో ఎవరి పిల్లోడో ఏడవడం, "మైకు ఇట్ల జరుపబ్బా" అని గురువు కసురుకోవడం, అన్నీ అందులో ఉన్నాయి. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు ఖరీదైన ఐఫోన్ తెచ్చి చేతిలో పెట్టేదాకా ఏ ఇబ్బందీ లేదు.

ఆ ఫోనుకు చిప్పు పెట్టే చోటు లేదు. ఇయర్‌ఫోన్ గుచ్చే చోటు లేదు, ఎఫ్ఎం లేదు. నా ఆండ్రాయిడ్ నుంచి బ్లూటూత్‌లో పాట పంపిస్తే తీసుకోదు. కంప్యూటర్‌కు తగిలిస్తే ఫొటోలు కనబడతాయి గానీ పాట వేయడానికి ఫోల్డరంటూ ఏదీ కనబడదు. "రెండువేల ఫోన్లో మోగేది ఇంత లెక్క పోసి కొన్న దాంట్లో ఎందుకు మోగదురా అబ్బీ?" అని ఆయన అడిగితే ఏం చెప్పాలి? కొడుకేమో "యాప్ వేసుకో నాయనా, పాటలన్నీ ఉంటాయి" అంటాడు. నిజమే, అన్నీ ఉన్నాయి, ఈయన పాడినవి తప్ప.

అదేదో పొరపాటున వచ్చిన లోపం అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. ఇది ఓపిగ్గా, ఏళ్ల తరబడి కట్టుకుంటూ వచ్చిన గోడ. 2001లో, ఈ ఐఫోన్ చేసే ఆపిల్ కంపెనీయే ఐపాడ్ అనే చిన్న పాటల పెట్టెను మొదటిసారి తెచ్చినప్పుడు 5 జీబీలో వెయ్యి పాటలు జేబులో పెట్టుకోవచ్చని అందరూ సంబరపడ్డారు. కంప్యూటర్ నుంచి పాట అందులోకి సులువుగానే పోయేది, తిరిగి రమ్మంటేనే రాదు. లోపల దాచిపెట్టిన ఫోల్డర్ ఎలాగో తెరిచి చూసినవాళ్లకు పాటల పేర్లు ఉండేవి కావు, ఫైళ్లన్నిటికీ నాలుగేసి అక్షరాల అర్థంలేని పేర్లు. 2003లో ఆపిల్ పాటలమ్మే ఐట్యూన్స్ స్టోర్ వచ్చింది, పాట 99 సెంట్లు, కొన్న ప్రతి పాటకూ ఫెయిర్‌ప్లే అనే తాళం, ఆపిల్ ఒప్పుకున్న చోట తప్ప మోగనివ్వదు. మరుసటి ఏడాది రియల్‌నెట్‌వర్క్స్ అనే కంపెనీ తమ దగ్గర కొన్న పాటలు కూడా ఐపాడ్‌లో మోగేలా ఒక ఉపాయం కనిపెడితే, ఆపిల్ దాన్ని హ్యాకర్ల పని అని తిట్టింది, ఆ తర్వాత అప్‌డేట్‌తో ఆ పాటల నోరు మూయించింది కూడా. డబ్బిచ్చి కొన్నవాడిని ఎవరు అడిగారు?

2007 ఫిబ్రవరిలో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్సే ఒక బహిరంగ లేఖ రాశాడు, ఈ తాళాలు మాకు ఇష్టమై వేసినవి కాదు, రికార్డు కంపెనీలు పట్టుబట్టాయి, వాళ్లు సరేనంటే రేపే తీసేస్తాం అని. 2009లో నిజంగానే పాటల మీద తాళాలు తీసేశారు. గెలిచామని చాలామంది అనుకున్నారు గానీ, అప్పటికే ఐఫోన్ వచ్చేసింది, 2008లో యాప్ స్టోర్ కూడా వచ్చింది. పాట మీదున్న తాళాన్ని తీసి ఫోన్ మీద వేశారంతే. ఇప్పుడు ఆ ఫోన్లో ఏది ఉండాలో చెప్పేది మనం కాదు.

వీఎల్‌సీ సంగతే చూడండి. ఏ ఫైలు ఇచ్చినా ప్లే చేసే ఉచిత ప్లేయర్ అది. 2011 జనవరిలో ఐఫోన్ స్టోర్ నుంచి మాయమైంది, ఎందుకంటే ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరికైనా పంచుకోవచ్చు అనే దాని లైసెన్సుకూ స్టోర్ నిబంధనలకూ పొసగలేదు, అభ్యంతరం పెట్టింది కూడా దాన్ని తయారుచేసిన వాళ్లలో ఒకాయనే. లైసెన్సు మార్చుకుని 2013లో తిరిగొచ్చింది. చిన్నాన్న ఫోన్లోకి చివరికి దాన్నే వేశాను. ఫోనూ కంప్యూటరూ ఒకే వైఫైలో పెట్టి, ఫోన్ చూపించే అడ్రసును బ్రౌజర్లో కొట్టి, ఆ పేజీలోకి పాటలు లాగి వదలాలి. పని అయింది. కానీ పల్లెలో వైఫై ఎవరింట్లో ఉంది? ఒకప్పుడు కడపలో ఏ సెల్ పాయింట్‌కు పోయినా కార్డ్ రీడర్లో చిప్పు గుచ్చి టీ తాగేలోగా పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. (సినిమా పాటల వరకు అది దొంగసరుకే, ఆ మాట కాదనను.)

గూగుల్ వాళ్ల ఆండ్రాయిడ్ బంగారం అని కూడా అనను. యాప్‌లో డబ్బు కట్టాలంటే తన బిల్లింగే వాడాలని డెవలపర్ల మెడ మీద కూర్చున్నందుకు 2022 అక్టోబర్‌లో మన కాంపిటిషన్ కమిషనే గూగుల్‌కు రూ.936.44 కోట్ల జరిమానా వేసింది. చందా బయట చవగ్గా దొరుకుతుందనే మాట మ్యూజిక్ యాప్‌లు తమ వాడకందార్లకు చెప్పకుండా అడ్డుపడినందుకు 2024 మార్చిలో యూరప్ వాళ్లు ఆపిల్‌కు వేసినది 180 కోట్ల యూరోల పైమాటే.

ఇక నెలనెలా కట్టే యాప్‌లలో "డౌన్‌లోడ్" నొక్కితే వచ్చేది మన ఫైలు కాదు. స్పాటిఫైలో అయితే 30 రోజులకొకసారైనా నెట్‌కు కలపకపోతే ఆ డౌన్‌లోడ్లు మోగవు. చందా ఆపితే అంతే సంగతులు. కొత్త పాటలు వినడానికి నేనూ చందా కడతాను, సౌకర్యం మంచిదే, కానీ దాన్ని దాచుకోవడం అని మాత్రం అనుకోను.

రాజంపేట పక్కనే తాళ్లపాక. అన్నమయ్య పాటల రాగిరేకులు తిరుమల భాండాగారంలో వందల ఏళ్లు పడి ఉండి 1922లో వెలుగులోకి వస్తే, తెలుగు చదవడం వచ్చినవాళ్లు చదవగలిగారు, ఎవరి సర్వరూ ఒప్పుకోనక్కర లేకపోయింది. రేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు, కాబట్టి ఆయన ఎలా పాడాడో మనకు దక్కలేదు. ఇప్పుడు గొంతునే పట్టి పెట్టుకోగలం. ఎంపీ3 మీదున్న పేటెంట్ల లైసెన్సులు కూడా 2017లో ముగిశాయి, అది ఇప్పుడు ఎవరి సొత్తూ కాదు. అంత సులువైన ఫైలును తిన్నగా లోపలికి రానివ్వని ఫోన్లకు మనం ఎగబడి కిస్తీలు కడుతున్నాం.

టేప్‌రికార్డర్‌కు బెల్టు మార్పించాను, బాగానే తిరుగుతోంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, బద్వేలు వైపు ఎవరింట్లోనైనా చెక్కభజన, పండరి భజన, పద్యనాటకాల పాత క్యాసెట్లు అటక మీద ఉంటే పారేయకండి, ఒక మెసేజ్ పెట్టండి. బూజు పట్టినా పర్వాలేదు. ఎంపీ3లు చేసి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తాను, మీ క్యాసెట్ మీకే ఇచ్చేస్తాను. పెన్‌డ్రైవ్ మాత్రం మీరే తెచ్చుకోవాలి.