గొంతు పోయిన ఇరవై రోజులు – నా అనుభవం

నిన్ననే తిరిగి డ్యూటీలో చేరాను. ఆఫీసు గదిలో పడ్డ అవమానానికి ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

నేను జెడ్పీ హైస్కూల్లో సోషల్ టీచర్ని, 17 ఏళ్ల సర్వీసు. పదో తరగతిలో 52 మంది. అరవకపోతే చివరి బెంచీకి వినపడదు. దసరా సెలవులయ్యాక గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలతో నెలన్నర నెట్టుకొచ్చా, అలా చేయకుండా ఉండాల్సింది. ఈఎన్‌టీ డాక్టరు కెమెరా పెట్టి చూసి స్వరతంత్రుల మీద నాడ్యూల్స్, అంటే చిన్న బుడిపెలు, వచ్చాయన్నారు. ముందు 20 రోజులు మౌనం, తర్వాత స్పీచ్ థెరపీ. గుసగుసగా కూడా మాట్లాడొద్దట, దానివల్ల గొంతుకి ఇంకా శ్రమట!

హాస్పిటల్ పని ఒక్క పూటలో అయిపోయింది. సెలవుకి కావాల్సిన డాక్టరు సర్టిఫికెట్ ఫారం-ఎ చేతికొచ్చింది, హెడ్మాస్టరు గారు సరేనన్నారు. నరకం చూసింది ఆఫీసు గదిలోనే.

"కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయిగా మేడమ్, గొంతుకి కూడా సెలవా?" అన్నాడు క్లర్కు. నేను నోట్‌బుక్‌లో రాసి చూపిస్తే, టీసీల కోసం వచ్చిన తల్లిదండ్రుల ముందు దాన్ని రాగాలు తీస్తూ పైకి చదివాడు. పైగా హాఫ్ పే లీవే పెడతాను, సగం జీతమే వస్తుందన్నాడు. ఏడాదికి 20 చొప్పున నా ఖాతాలో 340 రోజుల హాఫ్ పే లీవుంది, ఒక్క రోజూ వాడలేదు. రెండు సగం జీతం రోజులకి ఒక పూర్తి జీతం రోజు ఇచ్చేదే కమ్యూటెడ్ లీవు. 20 రోజులు అలా మారిస్తే అందులోంచి 40 తగ్గించుకుని పూర్తి జీతం ఇవ్వాలి, రూలు అదే. ఇదంతా నేను రాస్తుంటే అతను ఫోన్ చూసుకుంటున్నాడు. నోటితో అయితే అర నిమిషంలో చెప్పేదాన్ని. పెన్ను పట్టుకున్న చెయ్యి వణికింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

బోనఫైడ్ కోసం వచ్చిన మా పదో తరగతి అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. నా పక్కకొచ్చి, పుస్తకంలోకి చూసి, "సార్, టీచర్ కమ్యూటెడ్ లీవ్ అడుగుతున్నారు. నలభై రోజులు తగ్గించుకోమంటున్నారు" అని గట్టిగా చదివింది. క్లాసులో అడిగినా నోరు విప్పని పిల్ల! ఎన్నోసార్లు కసిరాను కూడా. అతను మారు మాట్లాడకుండా అప్లికేషన్ తీసుకున్నాడు.

క్లాసు ఆ పిల్లకే అప్పగించాను. నలుగురేసి 13 జట్లు చేశాం, రోజుకో జట్టు బోర్డు దగ్గర మ్యాప్ పాయింటింగ్ చెప్పాలి, మిగతావాళ్లు ప్రశ్నలు అడగాలి. నిన్న వెళ్లేసరికి నదులు, పర్వతాలు అయిపోయాయి. వెనక బెంచీ కుర్రాడొకడు గోదావరిని నాసిక్ వైపు నుంచి గీసుకుంటూ వచ్చి, మంజీర కలిసే చోట ఆగి నా వైపు చూశాడు. నేనేం అరవలేదు, తలూపానంతే. 17 ఏళ్లలో ఇంత మంచి క్లాసు నాకు జరగలేదని గర్వంగా చెప్తున్నా.

సెలవు పెట్టేవాళ్లు 'కమ్యూటెడ్' అన్న మాట అప్లికేషన్లో మీరే రాయండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు. కాపీ మీద తేదీ వేయించి సంతకం తీసుకోండి. చేరే రోజు ఫారం-బి (డాక్టరిచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్) మర్చిపోకండి. గొంతు రెండు వారాలు దాటి బొంగురుగా ఉంటే మిరియాల పాలు మానేసి డాక్టర్ దగ్గరకెళ్లండి, "సిలబస్ అయ్యాక చూద్దాం" అనుకోవద్దు. సిలబస్ ఏటా వస్తుంది.

నా సర్వీస్ రిజిస్టర్లో ఎంట్రీ ఇంకా పడలేదు. సోమవారం మళ్లీ అదే గదికి వెళ్తున్నా, ఈసారి మాట్లాడటానికి.