బ్యారన్ ఎడమ ఇంజనూ, నా క్వాడ్రంట్‌లో మూడు శాతమూ

మొదట్లో ఓ రాత్రి పదకొండున్నరకి, కంప్యూటర్‌లోని ఫ్లైట్ సిమ్యులేటర్‌లో బ్యారన్ అనే రెండింజన్ల విమానంతో బేగంపేట మీద తొమ్మిదోసారి కిందికి జారాను. ఎడమ ఇంజన్ ఆపేశా. కుడిది ఫుల్ పవర్‌లో ఉంది. స్పీడు సరిగ్గా 101 నాట్లు, నీలి గీత (ఒక్క ఇంజన్‌తో బాగా ఎక్కే వేగం) మీదే. చక్రాలు లోపల, ఫ్లాప్స్ పైన. అయినా ఎక్కుడు-దిగుడు చూపే సూది మాత్రం నిమిషానికి 290 అడుగుల చొప్పున దిగుతున్నట్టే చూపిస్తోంది. ఆ బరువుకీ ఆ ఎండకీ విమానం పుస్తకం లెక్కలో కొద్దిగానైనా ఎక్కాలి. పది రోజులుగా ఇదే గోల. ఇంట్లో వాళ్ళు "ఇంకా కూలలేదా?" అని అడిగి పడుకుంటున్నారు.

సిమ్యులేటర్‌కి తగిలించుకునే (యాడ్-ఆన్) రెండింజన్ల పిస్టన్ విమానం ఒకటి కొని, వచ్చే ఏడాది దాకా దానితోనే గడపాలన్నది ప్లాను. నాలుగు పేర్లు రాసుకున్నా: బ్లాక్ స్క్వేర్ కంపెనీ అనలాగ్ బ్యారన్, వాళ్ళదే డ్యూక్, మిల్‌విజ్ (ఇప్పుడు బ్లాక్‌బర్డ్) సెస్నా 310ఆర్, కౌస్ వాళ్ళ డీఏ42. ముందు బ్యారన్ కొన్నా. నా పాత సిమ్‌లో (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020) అది ఎగరాలంటే సిమ్‌తో వచ్చే బ్యారన్ జీ58 ఉండాలి, అంటే కనీసం డీలక్స్ ఎడిషన్ కావాలి. అది నా దగ్గర ముందే ఉంది కాబట్టి ఖర్చు తగ్గింది.

ఎంపికకి నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. రెండు ఇంజన్లూ తిరుగుతుంటే ఏ యాడ్-ఆన్ అయినా ముద్దుగానే ఎగురుతుంది. కాక్‌పిట్ ఫొటోలు చూసి కొనేవాళ్ళని చూస్తే నాకు జాలి. ఒక ఇంజన్ ఆపి, పుస్తకంలో అంకె పక్కన నా అంకె రాసి చూడాలి. బ్యారన్‌కి రెండు ప్రొపెల్లర్లూ ఒకే వైపు తిరుగుతాయి కాబట్టి ఎడమది పోతేనే ఎక్కువ బాధ. అందుకే ఆపేది ఎడమదే.

వాతావరణం నేనే పెట్టా. నేల మీద 40 డిగ్రీలు, ప్రెషర్ 1006, గాలి సున్నా. బేగంపేట ఎత్తే 1,742 అడుగులు. (2008 మార్చి దాకా ఊళ్ళోకి వచ్చే ప్రతి విమానం మా మేడ మీదుగానే దిగేది, అందుకే ఏ పరీక్షకైనా ముందు ఇక్కడికే వస్తా.) 3,000 అడుగుల దగ్గర ఇంజన్ ఆపితే, ఆ ఎండలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ (పల్చబడ్డ గాలి లెక్కన విమానానికి తోచే ఎత్తు) దాదాపు 6,600 అవుతుంది. ఒక్క ఇంజన్‌తో పూర్తి బరువు బ్యారన్ ఎక్కగలిగేది ఏడు వేల పైచిలుకు వరకే. సముద్రమట్టం దగ్గర నిమిషానికి 390 ఎక్కే విమానానికి ఇక్కడ ఓ 80 మిగలాలి. నాకు మైనస్ 290 వచ్చింది.

మొదటి అనుమానం ఎండ మీద. వాతావరణాన్ని ప్రామాణిక రోజుకి మార్చా: 1013, సముద్రమట్టానికి 15 డిగ్రీలు. అదే 5,400 పౌండ్లు, అదే 3,000 అడుగులు. పుస్తకం లెక్క 250, నాకు వచ్చింది మైనస్ 120. ఎండలో తేడా 370, చలవలో తేడా 370! ఇక్కడే నాకు బల్బు వెలగాల్సింది, వెలగలేదు. ఎండకి మారని తేడా అంటే ఏదో ఒకటి ఎప్పుడూ వెనక్కి లాగుతున్నట్టే కదా. కాగితం మీద రెండు అంకెలూ పక్కపక్కనే రాసి కూడా మూడు రాత్రులు వేరే దారిలో తిరిగా.

ఆ తిరుగుడు ఇలా సాగింది. రెక్కలు సమంగా పెట్టి, (పక్కకి జారుడు చూపే) బంతి మధ్యలో ఉంచి నడుపుతున్నానని గుర్తొచ్చి, బతికున్న ఇంజన్ వైపు 3 డిగ్రీలు వాల్చా. బంతి సగం బయటికి వచ్చింది, 40 అడుగులు లాభం. కుడి ఇంజన్ మిక్స్చర్ (పెట్రోలు-గాలి పాళ్ళు) ఫుల్ రిచ్‌లో వదిలేసినట్టు చూసుకుని, గంటకి 25 గ్యాలన్ల నుంచి 21కి లాగా. ఇంకో 30 కలిసింది. ఎడమ కౌల్ ఫ్లాప్ (ఇంజన్‌ని చల్లబరిచే తలుపు) మూస్తే మారిందో లేదో తెలియనంత. 600 పౌండ్ల బరువు దించితే దిగుడు 70కి తగ్గింది కానీ ఎక్కడం మాత్రం లేదు. పూర్తి బరువుతో ఎంత గింజుకున్నా మైనస్ 220 దగ్గర ఆగింది. ఇంకా 300 ఎక్కడో పోతోంది.

నాలుగో రాత్రి, విసుగొచ్చి బయటి కెమెరాకి మార్చా. ఎడమ ప్రొపెల్లర్ హాయిగా తిరుగుతోంది.

ఇంజన్ ఆగాక ఆర్‌పీఎమ్ సూది 2,500 నుంచి 1,200కి పడింది. "పడింది కదా" అని నేను దాన్ని మళ్ళీ చూడలేదు. అది ఫెదర్ (బ్లేడ్లు అంచు గాలికి ఎదురుగా తిరిగి ఆగిపోవడం) కాలేదు, గాలికి తిరుగుతోంది. బ్లేడ్లు గాలికి అడ్డంగా నిలబడి పళ్ళెంలా లాగుతున్నాయి. ఫెదర్ చేసే ప్రొపెల్లర్ లీవర్ నేను అడుగుదాకా లాగానే! కాబట్టి తప్పు యాడ్-ఆన్‌దే అని తేల్చేసి, డబ్బు వెనక్కి అడుగుతూ మెయిల్ సగం రాసేశా. అదృష్టం కొద్దీ పంపలేదు.

పిన్నుల వల్లేమో అన్న అనుమానం కూడా వచ్చింది. నిజం విమానాల్లో నేల మీద ఇంజన్ ఆపినప్పుడు ప్రొపెల్లర్ ఫెదర్‌లోకి పోకుండా లాక్ పిన్నులుంటాయి. ఆర్‌పీఎమ్ బాగా పడిపోతే అవి పట్టేస్తాయి. సెమినోల్ అనే ఇంకో రెండింజన్ల విమానంలో అయితే 950 లోపు పడకముందే ఫెదర్ చేయాలి. కానీ నాది 1,200లో ఉంది, అంత కిందికి పడలేదు. కాబట్టి అదీ కాదు.

అప్పుడు సిమ్ సెట్టింగ్స్‌లో యాక్సిస్ బార్ (లీవర్ ఎక్కడుందో చూపేది) తెరిచి చూశా. క్వాడ్రంట్ (కంప్యూటర్‌కి తగిలించే లీవర్ల డబ్బా) మీద లీవర్ అడుగున తగిలి ఉంది. బార్ మాత్రం 3 శాతం దగ్గర నిలబడింది. కాక్‌పిట్‌లో కూడా ఎడమ లీవర్ అడుగు నుంచి అర వేలు పైన ఆగింది. ఫెదర్ ఉండేది ఆ చివరి ముక్కలోనే. నాలుగు రాత్రులు నేను చేసిందల్లా ఆర్‌పీఎమ్ తగ్గించడమే, ఫెదర్ కాదు.

క్వాడ్రంట్ సెకండ్ హ్యాండ్‌ది, కంపెనీ పేరు అనవసరం. విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొట్టా. 3 కాస్తా 2 అయింది. సెన్సిటివిటీలో ఎక్స్‌ట్రీమిటీ డెడ్ జోన్ (చివర్లో కొంత మేర సున్నాగానే లెక్కేయడం) 5 శాతం పెడితే బార్ సున్నాకి దిగింది. మళ్ళీ ఎగిరా, అదే 40 డిగ్రీలు. ఎడమ లీవర్ లాగగానే ప్రొపెల్లర్ మూడు నాలుగు చుట్లు తిరిగి కత్తిలా నిలబడింది. సూది నెమ్మదిగా లేచి ప్లస్ 50 దగ్గర ఆగింది. ఆ 50 అడుగులకి రాత్రి ఒంటిగంటకి ఒక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నా. మిగతా 30 నా చేతి వణుకు ఖాతాలో వేసేశా.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఐదు నిమిషాలయ్యాక ఆగిన ప్రొపెల్లర్ దానంతట అదే తిరగడం మొదలుపెట్టింది! పిస్టన్ విమానంలో దెయ్యం. లీవర్ ముట్టుకోకుండా బార్ చూస్తూ, కంప్యూటర్ వేసిన దగ్గర్నుంచి ప్రతి పది నిమిషాలకీ రాసుకున్నా: 2, 2, 3, 5, 7. డెడ్ జోన్ 5 దాటగానే ఫెదర్ విడిపోతోంది. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా పెట్టా, అదే అంకెలు. వైర్ మార్చా, అదే. చివరికి లోపల లీవర్ స్థానాన్ని కొలిచే ఎడమ, కుడి పొటెన్షియోమీటర్లు తారుమారు చేస్తే జబ్బు కుడి లీవర్‌కి వెళ్ళింది. అంటే ఆ పొటెన్షియోమీటరే. వేడెక్కితే అరిగిన ట్రాక్ మీద రీడింగ్ జారుతోందని నా ఊహ.

డెడ్ జోన్ 8కి పెంచి చూశా. ఫెదర్ నిలిచింది కానీ రన్-అప్‌లో (ఎగిరేముందు ఇంజన్ పరీక్ష) గవర్నర్ (ప్రొపెల్లర్ వేగాన్ని నిలిపేది) చెక్ చేద్దామని లీవర్లు కాస్త గట్టిగా లాగితే రెండు ప్రొపెల్లర్లూ ఒకేసారి ఫెదర్ అయి, రన్‌వే పక్కన గుటగుటమంటూ నిలబడ్డాయి. నా క్వాడ్రంట్‌కి ఫెదర్ ముందు గాటు లేకపోవడమే కారణం. పుల్ల ఐస్ పుల్ల ఒకటి కోసి, లీవర్ దారిలో డబుల్ టేపుతో అంటించా. ఇప్పుడు అక్కడ చిన్న అడ్డు తగులుతుంది, గట్టిగా లాగితే దాటుతుంది. ఎం-సీల్ కంటే ఇదే నయం, నచ్చకపోతే పీకేయొచ్చు.

మిగతావన్నీ బాగానే ఉన్నాయి. వేడి ఇంజన్ స్టార్ట్ రెండోసారికే అయింది, విజయవాడ దాకా వెళ్ళొచ్చా, ప్రొపెల్లర్ల సింక్ చెవితోనే కుదిరింది. మూడు బ్లేడ్లకి 20 ఆర్‌పీఎమ్ తేడా ఉంటే సెకనుకి ఒక "ఊం" వినిపిస్తుంది, అది సాగుతూ సాగుతూ పోయేదాకా లీవర్ వెంట్రుకవాసి కదిపితే చాలు. బ్లాక్ స్క్వేర్ వాళ్ళ పని మీద నాకిప్పుడు గురి కుదిరింది. ఏ బ్రేకర్ లాగినా దానికి సంబంధించిన సూదే చస్తుంది.

ఇంక తర్వాతది. డ్యూక్ ఇప్పుడే వద్దు. ఒక్కోటి 380 హార్స్‌పవర్, టర్బో, ప్రెషరైజేషన్. ఈ క్వాడ్రంట్‌తో దాన్ని ముట్టుకుంటే పాపం. 310ఆర్ మీద మనసుంది, ముఖ్యంగా దాని ఇంధనం లెక్క కోసం. వాడగా మిగిలిన పెట్రోలు రెక్క చివరి మెయిన్ ట్యాంకులకి తిరిగొస్తుంది కాబట్టి ముందు వాటిని కొంత ఖాళీ చేయకుండా ఆక్స్ (అదనపు) ట్యాంకులకి మారితే, తిరిగొచ్చిందంతా బయటికి పోతుంది. ఇలాంటి మెలికలంటే నాకు ఇష్టం. డీఏ42 దీనికి పూర్తిగా ఎదురు. ఇంజన్‌కి ఒక్కటే లీవర్, ఆగితే ఇంజన్ మాస్టర్ ఆఫ్ చేయడం, ఫెదర్ అదే చూసుకుంటుంది. జెట్ ఇంధనంతో నడిచే డీజిల్ ఇంజన్, ఫుర్సత్‌గంజ్ అకాడమీలో మన పిల్లలు మల్టీ ఇంజన్ నేర్చుకునేదీ దాని మీదే. నా పొటెన్షియోమీటర్ జబ్బుకి మందు అదేనని తెలుసు, కానీ అది ఓటమి ఒప్పుకున్నట్టుంటుంది.

ఆదివారం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తున్నా. పది కే (కిలో ఓమ్) లీనియర్ పొటెన్షియోమీటర్లు ఆరు తెస్తా. 49ఇ హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని పసిగట్టేది), గుండీ అంత అయస్కాంతం దొరికితే అవీ తెచ్చి ఒక్క లీవర్‌కి పెట్టి చూస్తా. అరిగే ట్రాకే ఉండదు కదా. అప్పటిదాకా ఎడమ లీవర్‌ని ఫెదర్‌లో రబ్బరు బ్యాండుతో కట్టేసి, బార్ ఎంత పైకి జారుతుందో పది నిమిషాలకోసారి రాస్తున్నా. ఇప్పటికి నలభై నిమిషాలు, 5 దగ్గరుంది.