ఆమ్‌స్టర్‌డామ్ మెట్లు, కొక్కేలు

ఆమ్‌స్టర్‌డామ్‌లో గది తీసుకునేవాళ్లు ముందు అడగాల్సింది వైఫై గురించి కాదు, మెట్ల గురించి. యోర్డాన్ పేటలో మాకు దొరికిన గది పాతకాలపు ఇంటి పై అంతస్తులో. మెట్టు మీద నా పాదం సగమే పడుతోంది, పట్టుకోవడానికి ఒక తాడు. మా ఆవిడ కింద నిలబడి పైకి చూసి, "మీరెళ్లి పడుకోండి, నేనిక్కడే కూర్చుంటా" అంది. ఈ సుఖానికి అద్దె, అద్దె మీద 12.5 శాతం టూరిస్టు పన్ను!

మర్నాడు పొద్దున్నే వీధిలో గోల. ఎదురింటి పై కిటికీని చట్రంతో సహా ఊడదీసి, ఒక ఆకుపచ్చ సోఫాను తాళ్లతో పైకి లాగుతున్నారు. కప్పు కింద గోడలోంచి దూలం ఒకటి పొడుచుకొచ్చి ఉంది. దాని చివర కొక్కెం, కొక్కేనికి గిలక. కిందినుంచి ఇద్దరు లాగుతుంటే సోఫా గోడకు తగలకుండా మెల్లగా తిరుగుతూ పోతోంది. సైకిళ్లవాళ్లు గంట కొడుతూ దాని కిందనుంచే దూసుకుపోతున్నారు. ఏదో పడుతుందన్న భయం ఒక్కడికీ లేదు.

"ఇళ్లు కొంచెం ముందుకు వంగి ఉన్నాయి చూశావా మామయ్యా? కావాలనే అలా కట్టారు. సరుకు గోడకు రాసుకోకుండా" అన్నాడు ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఉంటున్న మేనల్లుడు. వర్తకుల ఇళ్లు కదా, పై అంతస్తే గోదాము. మరి డామ్రాక్ నీళ్ల ఒడ్డున పక్కకి ఒరిగినవో? అవి కావాలని కట్టినవి కావట. ఊరంతా మెత్తటి నేల. పాత ఇళ్లు అడుగున ఇసుక పొర తగిలేదాకా దిగ్గొట్టిన కొయ్య దుంగల మీదే నిలబడ్డాయి. దుంగ నీళ్లలో మునిగున్నంత కాలం గట్టిగా ఉంటుంది, నీటిమట్టం తగ్గి గాలి తగిలితే కుళ్లుతుంది. ఇది విన్నప్పట్నించీ ప్రతి ఇల్లూ ముందుకు వంగిందా, పక్కకు ఒరిగిందా అని చూడటమే నా పని. ఈ ఊళ్లో 1613లో తవ్వడం మొదలెట్టిన కాలవల వలయాన్ని యునెస్కో 2010లో వారసత్వ జాబితాలో చేర్చింది. పడవ టికెట్టు ధర చూశాక మేం నడిచే తిరిగాం.

డామ్ చౌక్‌లో రాజభవనం 13,659 దుంగల మీద ఉందట. లెక్క బాగుంది, భవనం నాకు నల్లగా, బరువుగా కనిపించింది. నాజీలకు దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన ఆన్ ఫ్రాంక్ ఇంటికి టికెట్లు ఆన్‌లైన్‌లో మాత్రమే, ఎప్పుడో అయిపోయాయి.

నేను పట్టుబట్టి వెళ్లింది ఔడె హోఖ్‌స్ట్రాట్‌లోని పాత ఈస్టిండియా హౌస్‌కి. మాది బందరు. బందరుకోటలో డచ్చివాళ్ల సమాధుల మధ్య మేకలు కాసేవాళ్లను చూస్తూ పెరిగాం. వాళ్లు 17వ శతాబ్దం మొదట్లోనే మా ఊళ్లో కోఠీ పెట్టి అద్దకం బట్టలు ఓడలకెక్కించారు. ఆ డచ్చి ఈస్టిండియా కంపెనీ పెద్దలు కూర్చున్నది ఇక్కడే. ఇప్పుడు విశ్వవిద్యాలయం. ఎర్ర ఇటుకల ముంగిట్లో విద్యార్థులు సైకిళ్లు పెట్టుకుంటున్నారు.

మా ఆవిడ బెంచీ మీద బందరు లడ్డూల డబ్బా విప్పింది. పక్కన కూర్చున్న కుర్రాడు చూస్తుంటే అతనికీ ఒకటి పెట్టింది. ఏ ఊరిదని అడిగాడు. మచిలీపట్నం అన్నాను. ఎప్పుడూ వినలేదన్నాడు, ఆ భవనంలోనే చదువుతూ! ఇంకొకటి మాత్రం అడిగి తీసుకున్నాడు.