ఆట ముగియక ముందే ఓటమి ఒప్పుకునే అలవాటును మానుకున్న వైనం

చెస్ టోర్నమెంట్లలో ఆడడం మొదలుపెట్టిన తొలి సంవత్సరాల్లో నా ఓటముల్లో చాలావరకు చెక్‌మేట్‌తో ముగియలేదు. నేనే గడియారం ఆపి, ఓటమి ఒప్పుకుని చేయి చాచేవాణ్ణి. అది ప్రత్యర్థి పట్ల మర్యాద అనీ, ఆట తెలిసినవాడి లక్షణమనీ గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకాన్ని కదిలించిన స్థితి ఒకటుంది. ఆ పావులు ఏ గడిలో ఉన్నాయో ఈనాటికీ తడుముకోకుండా చెప్పగలను.

ఆ ఆటలో నావి నల్ల పావులు. ప్రత్యర్థి నాకంటే వయసులో చాలా పెద్దాయన. ఆయన రాజు ఎఫ్4లో, తెల్ల గళ్లలో తిరిగే శకటు, అంటే బిషప్, డి3లో, రెండు బంట్లు జి4, హెచ్4 గళ్లలో ఉన్నాయి. నాకు మిగిలినవి జి7లో రాజు, ఎఫ్6లో గుర్రం. ఎత్తు నాదే. అంతకు కాసేపటి ముందు చూసుకోకుండా పోగొట్టుకున్న బంటే నా మనసులో మెదులుతూ ఉంది. ఇక ఆడడం అనవసరమనుకుని రిజైన్ చేశాను. స్కోర్‌షీట్ల మీద సంతకాలయ్యాక ఆయన నెమ్మదిగా, "ఎందుకు వదిలేశావు బాబూ? గుర్రంతో ఆ జి4 బంటును కొట్టేస్తే నేనేం చేయగలను?" అని అడిగారు.

నిజమే. గుర్రం బంటును కొడితే ఆయన రాజు ఆ గుర్రాన్ని తీసుకుంటుంది, అంతే. ఆ తరువాత ఆయనకు మిగిలేవి హెచ్-బంటు, తెల్ల గళ్ల శకటు. ఆ బంటు చివరి వరుసకు చేరి మంత్రిగా మారవలసిన హెచ్8 నల్ల గడి. అక్కడ చేరిన నా రాజును ఆ శకటు జీవితకాలంలో బెదిరించలేదు. బలవంతంగా బిగిస్తే వచ్చేది స్టేల్‌మేట్, అంటే చెక్ లేకుండానే వేయడానికి ఎత్తు మిగలక ఆట డ్రా కావడం. ఈ సూత్రం నాకు తెలియనిది కాదు, ఎండ్‌గేమ్ పాఠాల్లో చాలా ముందుగానే నేర్చుకున్నదే. ఒక్క ఎత్తు దూరంలో ఉన్న డ్రా నాకు కనబడలేదంటే, నేను చూస్తున్నది బోర్డును కాదు, జరిగిపోయిన నా పొరపాటును. ఓటమి ఒప్పుకున్న క్షణంలోనే ఆట ముగిసినట్టని అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే నియమావళి స్పష్టంగా చెబుతుంది కాబట్టి, వెనక్కి తీసుకునే మాటే లేదు.

ఆ తరువాత పాత స్కోర్‌షీట్లన్నీ బయటకు తీసి, నేను రిజైన్ చేసిన స్థితులను ఒక్కొక్కటిగా బోర్డు మీద పెట్టి, ఒక స్నేహితుడితో చివరి దాకా ఆడడం మొదలుపెట్టాను. వాటిలో ఎక్కువ భాగం నిజంగానే ఓడిపోయిన ఆటలే. కానీ కొన్ని మిగిలాయి: శకట్లు వేర్వేరు రంగుల గళ్లలో ఉండి రెండు బంట్లు తక్కువైనా నిలబెట్టదగినవి, ఏనుగును మూడో అడ్డవరుసలో నిలిపి ఎదుటి రాజును ముందుకు రానివ్వకుండా ఆపదగినవి. వీటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఇంకొకటి. నేను చేయి చాచిన సందర్భాలు దాదాపు అన్నీ నా తప్పు నాకు తెలిసివచ్చిన ఒకటి రెండు ఎత్తుల్లోపే జరిగాయి. అంటే నిర్ణయం తీసుకున్నది లెక్క కాదు, బాధ.

ఇది నా స్థాయి ఆటగాళ్లకే పరిమితమని అనుకోవడానికి వీల్లేదు. 1902లో మాంటే కార్లోలో పోపియెల్‌తో ఆడుతున్న గియోర్గ్ మార్కో, డి4లో పిన్ అయి ఉన్న, అంటే కదిలితే వెనకనున్న పావు దాడికి దొరికే, తన శకటు ఎలాగూ పోతుందని రిజైన్ చేశాడు. అదే శకటును జి1కి జరిపి ఉంటే హెచ్2లో మేట్ బెదిరింపు, తెల్ల మంత్రిపై దాడి ఒకేసారి వచ్చి గెలుపు ఆయనదే అయ్యేది. 1997లో న్యూయార్క్‌లో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూతో రెండో ఆటలో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ ఓటమి ఒప్పుకున్నాక, వరుస చెక్‌లతో డ్రా చేసుకునే అవకాశం ఉండిందని విశ్లేషకులు చూపించారు. ఎదుటివారు అన్నీ చూసే ఉంటారన్న నమ్మకం అంతటి వారినీ ఏమార్చగలదని ఆ ఆటను చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. తప్పు చేశానని తెలిసిన ఎత్తులో రిజైన్ చేయను. కుర్చీలోంచి లేచి, నాలుగడుగులు వేసి వచ్చి, గెలవడానికి ప్రత్యర్థి ఇంకా ఏమేం చేయవలసి ఉందో మనసులో వరుసగా చెప్పుకుంటాను. ఆ పనుల్లో ఒక్కటైనా కష్టమైనది ఉంటే ఆట కొనసాగిస్తాను. ఇది మొదట్లో చాలా కష్టంగా ఉండేది, ఎందుకంటే ఓడిపోతున్న స్థితిలో గంటసేపు కూర్చోవడం కంటే వెంటనే లేచి వెళ్లిపోవడమే మనసుకు హాయి.

ఈ నియమం ఫలించిన ఆటలో బంట్ల పరుగుపందెం జరిగి, ప్రత్యర్థి బంటే ముందుగా మంత్రి అయింది. ఒకప్పుడైతే ఆ కొత్త మంత్రి బోర్డు మీదకు రాగానే లేచిపోయేవాణ్ణి. నా బంటు ఎఫ్2 దాకా వచ్చింది, రాజు పక్కనే ఉంది, ఆయన రాజు మాత్రం బోర్డుకు అవతలి చివర ఉంది. మంత్రి చెక్ మీద చెక్ ఇస్తూ దగ్గరికి వచ్చి, చివరకు జి3 నుంచి జి1లో ఉన్న నా రాజుకు చెక్ ఇచ్చింది. బంటును అంటిపెట్టుకుని ఉండాలన్న తొందరను అణచుకుని రాజును హెచ్1 మూలకు జరిపాను. బంటును కొడితే నా రాజుకు కదలడానికి గడి ఉండదు, స్టేల్‌మేట్. కొట్టకపోతే నా బంటు కూడా మంత్రి అవుతుంది. ప్రత్యర్థి చాలాసేపు తల పట్టుకుని కూర్చుని, మరికొన్ని చెక్‌లు ఇచ్చి చూసి, డ్రాకు ఒప్పుకున్నారు.

అయితే ప్రతి ఆటనూ మేట్ దాకా లాగాలని నేను అనడం లేదు. ప్రత్యర్థికి మిగిలిన పని సులువైనదే అయినప్పుడు, ఆయనకు సమయం కూడా చాలినంత ఉన్నప్పుడు ఆట సాగదీస్తే తరువాతి రౌండుకు ఉండవలసిన ఓపిక హరించుకుపోతుంది. ఈ మధ్య ఒక ఆటలో ఏనుగు పోయింది. అలవాటు ప్రకారం లేచి నడిచి వచ్చి, ప్రత్యర్థి చేయవలసిన పనులను వరుసగా చెప్పుకున్నాను. ఒక్కటీ కష్టమైనది కనబడలేదు. గడియారం ఆపి చేయి చాచాను. ఆ రాత్రి అదే స్థితిని చెస్ ఇంజిన్‌కు, అంటే ఎత్తులు లెక్కించే కంప్యూటర్ ప్రోగ్రాంకు, ఇచ్చి ఎంతసేపు వెతికినా డ్రా దొరకలేదు.