క్యూవెట్‌లో రంగు వెలిస్తే సింగ్లెట్ ఆక్సిజన్ పుట్టినట్టేనా?

రోజ్ బెంగాల్ అనే రంగు ద్రావణంలో డీపీబీఎఫ్ (సింగ్లెట్ ఆక్సిజన్ తగిలితే వెలిసిపోయే సూచక పదార్థం) కలిపి, క్యూవెట్ అనే చిన్న పారదర్శక పాత్రలో పోసి ఆకుపచ్చ ఎల్‌ఈడీ కింద పెడితే 410 నానోమీటర్ల దగ్గర డీపీబీఎఫ్ వెలుగు పీల్చే శిఖరం చూస్తుండగానే కుంగిపోతుంది. సింగ్లెట్ ఆక్సిజన్ (ఆక్సిజన్ అణువు ఉత్తేజిత, చురుకైన రూపం) వచ్చేసిందని నోట్‌బుక్‌లో రాసేస్తారు చాలామంది. అంత తొందర వద్దు.

వెలుగు పీల్చుకున్న రంగు అణువు ఉత్తేజిత సింగ్లెట్ స్థితిలో ఉండేది నానోసెకన్లే. ఆలోపు ఎలక్ట్రాన్ స్పిన్ తిరగబడితే ట్రిప్లెట్ అనే ఎక్కువసేపు నిలిచే స్థితిలోకి దిగి మైక్రోసెకన్ల పాటు నిలుస్తుంది. ఆక్సిజన్‌ని ఢీకొనడానికి ఆ వ్యవధి చాలు. శక్తి మాత్రమే చేతులు మారితే (మోల్‌కి 94 కిలోజౌళ్లు) సింగ్లెట్ ఆక్సిజన్ వస్తుంది, ఇది టైప్ 2. ఎలక్ట్రానే చేతులు మారితే సూపరాక్సైడ్, దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇనుము జాడ ఉంటే హైడ్రాక్సిల్ రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన కణం) కూడా. ఇది టైప్ 1. తరచూ రెండూ కలిసే నడుస్తాయి.

స్పిన్ తిరగబడటానికి బరువైన పరమాణువులు సాయపడతాయి. నీటిలో ఫ్లోరెసీన్ సింగ్లెట్ ఆక్సిజన్ దిగుబడి (పీల్చుకున్న ఒక్కో ఫోటాన్‌కి పుట్టేది) సుమారు 0.03. అదే చట్రానికి నాలుగు అయోడిన్లు, నాలుగు క్లోరిన్లు తగిలించిన రోజ్ బెంగాల్‌ది 0.75. ఒకటి మెరుస్తుంది, ఇంకోటి కాలుస్తుంది.

డీపీబీఎఫ్ నీటిలో కరగదు కాబట్టి మెథనాల్ వాడాలి. 50 మైక్రోమోలార్ పోస్తే అబ్సార్బెన్స్ (వెలుగు పీల్చే మేర) 1 దాటుతుంది. రంగుది ఎల్‌ఈడీ తరంగదైర్ఘ్యం దగ్గర 0.2 ఉంటే సరిపోతుంది. 10 సెకన్లకోసారి రీడింగ్ తీయండి, తొలి 10 శాతం తగ్గుదల వాలునే లెక్కలోకి తీసుకోండి. ఆ తర్వాత డీపీబీఎఫ్ పలచబడి వాలు వంగిపోతుంది.

అసలు చిక్కు డీపీబీఎఫ్‌తోనే. రాడికల్స్ తగిలినా అది వెలుస్తుంది, నీలి వెలుగు సోకితే రంగు లేకుండానే వెలుస్తుంది. అందుకే 500 నానోమీటర్ల కింది వెలుగుని ఆపే ఫిల్టర్ పెట్టాలి, రంగు కలపని క్యూవెట్‌నీ అదే వెలుగులో నడపాలి. నైట్రోజన్ పావుగంట బుడగలుగా పంపాక కూడా శిఖరం కుంగుతోందంటే తప్పు ఆక్సిజన్‌ది కాదు. సింగ్లెట్ ఆక్సిజన్‌ని మింగే అజైడ్ లవణం కలిపి చూడటం మామూలే గానీ, అది హైడ్రాక్సిల్ రాడికల్‌నీ మింగుతుంది, కాబట్టి అదొక్కటే సాక్ష్యం కాదు. (విషం కూడా, ఆమ్లం దగ్గరికి రానివ్వకండి.) నీటిలో కరిగే ఏబీడీఏ అనే మరో సూచకంతో భారజలంలో (హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న నీటిలో) చేసి చూడటం నయం: సింగ్లెట్ ఆక్సిజన్ ఆయుష్షు మామూలు నీటిలో 4 మైక్రోసెకన్లలోపే, భారజలంలో 60 పైమాటే. వెలిసే వేగం బాగా పెరిగితే టైప్ 2 గట్టిగా ఉన్నట్టే.

మెథిలీన్ బ్లూ అనే రంగు అయితే నీటిలో గాఢత పెంచేకొద్దీ 664 శిఖరం పక్కన 610 దగ్గర భుజం లేస్తుంది. అవి డైమర్లు (రెండేసి అతుక్కున్న అణువులు), సింగ్లెట్ ఆక్సిజన్ వాటినుంచి తక్కువే. భుజం అణిగేదాకా పలచన చేశాకే కొలవండి.