నందివర్ధనం మీది పచ్చ పురుగు

ఆదివారం. వారమంతా కురిసిన వాన తెరిపిచ్చి, ఈరోజు తిరుపతిలో చక్కని ఎండ కాసింది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో మా పెరటి నందివర్ధనం చిగురు మీద చిగురు వేస్తుంది. ఆ చిగురు వెంబడే దాన్ని తినే పురుగూ వస్తుంది. పూజకు పూలు కోసుకొని వస్తూ అత్తయ్య, "చెట్టంతా పురుగు పట్టేసిండాది, మందు కొట్టిచ్చమ్మా" అన్నారు. మందు వద్దన్నాను. పురుగుల మందు ఆకు మీద పడితే చచ్చేది ఆ గొంగళిపురుగు ఒక్కటే కాదు, దాని కోసం వచ్చే పిట్టల కడుపులోకీ అది పోతుంది. అంతకంటే ముఖ్యంగా, ఈ పురుగు ఏమవుతుందో తెలిసినవారికి దాన్ని చంపబుద్ధి కాదు.

దాన్ని వెతకాలంటే ముందు నేలను చూడాలి. కొమ్మ కింద గచ్చు మీద ముదురు రంగులో, గాడులు తేలిన లావుపాటి పెంటికలు కనిపిస్తే, సరిగ్గా పైనున్న ఆకు అడుగున అది ఉంటుంది. ఒళ్ళంతా ఆకు పచ్చదనమే. పక్కన తోక దాకా ఒక తెల్లని గీత, ఆ గీతకు అటూ ఇటూ సన్నని తెల్ల చుక్కలు, తోక మీద పసుపు రంగు చిన్న కొమ్ము. ఆ కొమ్మును చూసి కుడుతుందని భయపడతారు గాని అది కుట్టదు. ఒంటి మీద దురద పెట్టే నూగు కూడా లేదు. ఈరోజు ఒకదానికి మెల్లగా వేలు ఆనించాను. వెంటనే తలను లోపలికి ముడుచుకొని మెడ భాగాన్ని ఉబ్బించింది. అంతవరకు మడతలో దాగిన రెండు నీలి మచ్చలు, నల్లని అంచుతో, నడుమ తెల్లదనంతో, పెద్ద కళ్ళలా తెరుచుకున్నాయి. అసలు కళ్ళు తల మీద కనీకనిపించనంత చిన్నవి. ఈ దొంగ కళ్ళను చూసి పిట్ట ఒక్క క్షణం వెనుకాడితే పురుగు బతికిపోతుంది.

నందివర్ధనమే కాక గన్నేరు కూడా దీనికి ఆహారమే. గన్నేరు ఆకులోని విషం మనిషి గుండె లయను తప్పించగలిగినంతటిది. ఆ ఆకునే తిని ఇది వేలెడు పొడవు పెరుగుతుంది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ దీనికి పెట్టిన శాస్త్రీయ నామంలో గన్నేరు పేరే ఉంది. నేడు డాఫ్నిస్ నేరీ అంటున్నారు. ఇంగ్లీషు వారికి ఓలియాండర్ హాక్‌మాత్.

వసారా గోడ మీద, రాత్రి వెలిగిన లైటుకు కాస్త కింద, ఈ పురుగే పెరిగి రెక్కలు వచ్చాక అయ్యే చిమ్మట (మాత్) కూడా ఈ ఉదయమే దొరికింది. రెక్కలు చాపితే 8 నుంచి 12 సెంటీమీటర్ల దాకా ఉండే జాతి ఇది. ముదురు, లేత ఆకుపచ్చల మధ్య తెలుపు, లేత గులాబీ రంగులు వంపులు తిరిగి, నీళ్ళలో రంగులు కలిపి కదిపినట్లు ఉన్నాయి. గోడ మీద గనుక కనిపించింది గాని, ఆకుల్లో కూర్చుంటే నేను పక్కనుంచే దాటిపోయేదాన్ని. పగలంతా కదలలేదు. చీకటి పడే వేళకు రెక్కలను చాలాసేపు వణికించింది. ఎగిరే కండరాలు వేడెక్కితే తప్ప అంత బరువైన శరీరం గాలిలోకి లేవదు. పూల దగ్గర అది వాలదు, గాలిలోనే నిలబడి పొడవైన తొండం చాపి తేనె తాగుతుంది. రాత్రివేళ పరిమళించే తెల్లని గొట్టపు పూలకు ఇలాంటి అతిథులే కావాలి. వేసవిలో ఈ జాతి ఆఫ్రికా నుంచి సముద్రం దాటి యూరప్ దాకా వలస వెళుతుందంటే, ఆ రెక్కల సత్తువ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఎదిగిన పురుగు పచ్చదనం పోయి గోధుమ రంగుకు తిరిగి, చెట్టు దిగుతుంది. ఎండుటాకుల మధ్య లేత గోధుమ రంగు ప్యూపాగా, అంటే కదలకుండా రూపం మార్చుకునే దశలోకి మారి, అక్కడి నుంచే చిమ్మటగా బయటికి వస్తుంది. అందుకే మందు మానేసినంత మాత్రాన సరిపోదు. ఊడ్చే అమ్మాయికి ఆ చెట్టు మొదట్లోని ఆకును కొన్నాళ్ళు కదిలించవద్దని చెప్పాను. కొరికిన కొమ్మలకు ఈ వానలకే మళ్ళీ చిగుళ్ళు వస్తాయని అత్తయ్యకు చూపించాను. పూజకు పూలు తక్కువ కానంతవరకు అట్లే కానీ అన్నారు.